మూడవ తంత్రి

ఇంటిలో నొక వాద్యము మూలబడి యుండుట మన కుటుంబములలో క్రొత్త గాదు. పెండ్లికి ముందు నేర్చిన వీణ సంసారభారము పైబడగానే గోడ కానుకొని నిలిచిపోవును. దానిపై గలేబు, గలేబుపై దుమ్ము, దుమ్ముపై సంవత్సరములు పేరుకొనును. దసరానాడు దుమ్ము తుడిచి, పసుపు కుంకుమములు పెట్టి, మరల గలేబు తొడుగుదుము. అది పూజయే కాని వాద్యమునకు జేయవలసిన సేవ కాదని మేమును చాలకాలము గ్రహింపలేదు. గ్రహించుటకు వీణ గాక యొక గిటారు కారణమైనది. ఆ కథను సోదరీమణులకు మనవి చేయదలచితిమి.

ఆ గిటారు మా తమ్మునిది. అతడు హైదరాబాదులో నుద్యోగము చేయుచు, తీరిక వేళల దానిని నేర్చుకొనెను. సినిమాపాటలలో తఱచుగ వినబడు ఉక్కుతీగెల గిటారు కాదది. పాశ్చాత్యులు తమ శాస్త్రీయసంగీతమునకు వాడునది. ముందుపలక స్ప్రూసు అను శీతలదేశపు వృక్షపు కొయ్య. వెనుకపలకయు ప్రక్కలును మన దక్షిణదేశపు టడవులలో పెరుగు ఇరుగుడు కొయ్య. మన ఇరుగుడు దేశదేశములకు పోయి గిటారులై పలుకుచున్నదని చెప్పి యతడు మురియుచుండెడివాడు.

2020వ సంవత్సరమున కార్యాలయములు మూతపడగా నతడు విశాఖపట్టణమునకు వచ్చి, అమ్మగారియొద్ద నుండి, యింటినుండియే పని చేయుచుండెను. సాయంకాలములందు మేడమీది వసారాలో కూర్చుండి వాయించెడివాడు. మేము మా అమ్మాయిని వెంటబెట్టుకొని పోయి వినుచుంటిమి. 2021 మే నెలలో కరోనా యతనిని మానుండి తీసికొనిపోయినది. అప్పటి కతని వయస్సు ముప్పదియాఱు సంవత్సరములు. దీనినిగూర్చి యింతకన్న వ్రాయజాలము.

అమ్మగారు మా యింటికి వచ్చి మాతోనే యుండిరి. ఆమెతోపాటు ఆమె వీణయు, తమ్ముని గిటారును వచ్చినవి. వీణ గోడ ప్రక్కన చేరినది. గిటారు తన పెట్టెలో, బీరువా వెనుక. రెండేండ్లు దాని నెవ్వరును తెరవలేదు.

2023వ సంవత్సరపు వేసవి సెలవులలో మా అమ్మాయి, పదుమూడేండ్ల పిల్ల, ఒక మధ్యాహ్నమున ఆ పెట్టెను నడియింటికి లాగుకొని వచ్చి, “అమ్మా, మామయ్య గిటారు నేను నేర్చుకుంటాను” అనెను. మేము వలదనలేకపోతిమి, సరే యనుటకును నోరు రాలేదు. అది మూత తీసి, బిరడలను త్రిప్పి, తోచినట్లు శ్రుతి చేసి మీటెను. తడిసిన తప్పెటను తాకినట్లు మ్రోగెను. అమ్మాయి మా ముఖము చూచెను. మేము మొగము త్రిప్పుకొంటిమి. ఆ వసారాలో విన్న నాదము ఇదియా?

దగ్గఱకు పోయి చూచితిమి. మొదటి మూడు తంత్రులు పసుపువన్నె కెక్కినవి. లోహపు చుట్టు గల తక్కిన మూడును నల్లబడినవి. సముద్రపుగాలి వెండిమెఱుగు నుంచదు గదా. ఆ నల్లని తంత్రులను వ్రేలితో తడవగా, ఒక్కొక్క మెట్టుపై చిన్న చిన్న నొక్కులు తగిలినవి. తమ్ముడు నొక్కి నొక్కి వాయించిన చోట్లవి. “తంత్రులు మార్చాలి” అని అమ్మాయి యనగానే, “ముట్టుకొనవద్దు” అని మేము కసరితిమి. పిల్ల బిక్కమొగము వేసికొని లేచిపోయెను.

ఆ రాత్రి అమ్మగారు మమ్ము పిలిచి, “అమ్మాయీ, నా వీణకు ఎన్నిసార్లు తీగెలు మార్చానో నీకు గుర్తుందా? ఒక్కటైనా దాచుకున్నానా? మోగనిదాన్ని పట్టుకుని కూర్చుంటే వాడు తిరిగి వస్తాడా? పిల్ల అడిగిందే, వాయించుకోనీ” అనిరి. ఆమె కడుపుకోత మా దుఃఖముకంటె చిన్నది కాదు. ఆ మాట ఆమెయే యన్నపుడు మే మేమి చెప్పగలము?

మఱునాడు ఊరిలోని యొక దుకాణమునకు పోయి, “గిటారు తీగె లిండు” అని అడిగితిమి. ఏ గిటారని వారు మమ్ము అడుగలేదు. చెప్పవలెనని మాకును తెలియదు. మెఱయుచున్న ఉక్కుతీగెల జత యిచ్చిరి. అదృష్టవశమున, అమ్మాయికి పాఠములు చెప్పుటకు కుదుర్చుకొన్న మాస్టారు ఆ సాయంకాలమే వచ్చి, పొట్లమును చూచి, “అమ్మగారూ, ఇవి ఎక్కించి ఉంటే వంతెన ఊడి చేతికి వచ్చేది” అనిరి. వీణలో గుఱ్ఱ మనునది గిటారులో వంతెన. అది ముందుపలకకు జిగురుతో నంటించబడి యుండును. ఈ జాతి గిటారుపై ఆఱు తంత్రులును గలిసి లాగు బలము సుమారు 40 కిలోలు. ఉక్కుతీగెలైనచో నది దానికి ఒకటిన్నర రెట్లకు మించును. పలుచని పలక ఆ భారమునకు ఉబ్బును, వంతెన లేచును. అందుచే సోదరీమణులు మొట్టమొదట జ్ఞాపకముంచుకొనవలసిన దిది: నైలాను తంత్రుల గిటారుకు ఉక్కుతీగెల నెన్నడును కట్టరాదు.

తంత్రుల చరిత్రను మాస్టారే మాకు చెప్పిరి. పూర్వము ఈ గిటారుకు పైమూడు తంత్రులను జంతువుల ప్రేగులతో చేసెడివారు. క్రింది మూడింటికి పట్టుదారముపై లోహపుతీగె చుట్టెడివారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ ప్రేగుదారము శస్త్రచికిత్సలలో కుట్లు వేయుటకు కావలసివచ్చి, వాద్యకారులకు దొరకుట కష్టమైనది. అప్పుడు న్యూయార్కులో అల్బర్టు ఆగస్టీను అను గిటారు పనివాడు నైలాను దారముతో తంత్రులు చేయ మొదలిడెను. జగత్ప్రసిద్ధుడగు ఆండ్రే సెగోవియా (1893–1987) వానిని మెచ్చి వాడుటచే 1940వ దశకము చివరకు నైలాను తంత్రులు వ్యాప్తిలోనికి వచ్చెను. నేడు క్రింది తంత్రుల లోపల సన్నని నైలాను పోగులు, పైన వెండిపూత గల రాగితీగె చుట్టు నుండును.

మాస్టారు చెప్పినట్లు నైలాను తంత్రుల జతను అంతర్జాలపు దుకాణమునుండి తెప్పించితిమి. బిగువునుబట్టి వీనిలో భేదములున్నవి. మాది సాధారణపు బిగువుది. పాతవాని నన్నిటిని ఒక్కమాఱే విప్పక, ఒకటి తీసి యొకటి కట్టుట మంచిదని మాస్టారు చెప్పిరి. తీసినవానిని చుట్టచుట్టి యొక కవరులో పెట్టి బీరువాలో దాచితిమి. అది మా బలహీనత, ఒప్పుకొనుచున్నాము.

క్రొత్తవాని నెక్కించునపుడే యొక పొరపాటు జరిగినది. నున్నని నైలాను తంత్రిని వంతెన దగ్గఱ రెండుమూడు మెలికలు వేసి కట్టవలెను. మేము ఒక మెలికతో ముగించితిమి. బిరడ బిగించుచుండగా మొదటి తంత్రి ముడి జాఱి, కొరడావలె వచ్చి, వంతెన వెనుక పలకపై కొట్టెను. స్ప్రూసు మెత్తని కొయ్య. తెల్లని గాటు పడెను, నేటికిని ఉన్నది. తమ్ముడు నాలుగేండ్లు కంటికి రెప్పవలె కాపాడిన వస్తువుపై మా చేతి గాటు! ఆ రోజు అన్నము సహింపలేదు. వంతెన వెనుక నొక దళసరి అట్టముక్క నుంచి కట్టిన యెడల ఇట్టి ప్రమాద ముండదని తరువాత తెలిసినది.

నైలాను తంత్రి క్రొత్తలో సాగుచుండును. ఉదయము శ్రుతి చేసిన మధ్యాహ్నమునకు దిగిపోవును. పసిబిడ్డవలె గంటగంటకు చూచుకొనవలెను. వారమునకు గాని నిలుకడకు రాలేదు. వచ్చిన పిమ్మట అమ్మాయి మీటగా, పాత మొద్దుదనము పోయినది. క్రింది మూడును గుడిగంటవలె మ్రోగినవి. మొదటి రెండును తీయగా పలికినవి. మూడవది మాత్రము మూగదివలె, దగ్గఱనే పుట్టి దగ్గఱనే చచ్చెను.

దీనికి కారణ మున్నది. తంత్రి స్వరము మూడింటిపై నాధారపడును: పొడవు, బిగువు, బరువు. గిటారులో ఆఱింటికిని పొడవొక్కటే, సాధారణముగ 65 సెంటీమీటర్లు. బిగువులోను గొప్ప భేదము పెట్టరాదు. కావున స్వరము దిగవలెనన్న తంత్రికి బరువు పెంచవలెను. నైలానుకు బరువు పెరుగవలెనన్న లావు పెరుగవలెను. మొదటి తంత్రి సుమారు 0.7 మిల్లీమీటరు; మూడవది సుమారు 1 మిల్లీమీటరు. లావైన తంత్రి బిఱుసై సులభముగ వంగదు. దాని పై పలుకులు త్వరగా అణగిపోవును. నాలుగవదాని కైనచో లోహపు చుట్టు బరువు నిచ్చును. మూడవది నడిమి సంతానమువంటిది. చిన్నవారి సన్నదనమును లేదు, పెద్దవారి యాభరణమును లేదు.

బిగువెక్కువైనచో మాట్లాడునేమో యని గట్టి బిగువు జతను తెప్పించితిమి. ధ్వని కొంత హెచ్చినది, మాట నిజమే. కాని మూడవది అంతే. పైగా అమ్మాయి ఎడమచేతి వ్రేళ్ల కొనలు కందిపోయినవి. చన్నీళ్లలో వ్రేళ్లు ముంచుకొని, “నొప్పి లేదమ్మా” అని అబద్ధమాడుచుండెను. ఇంటి ఖర్చుల పుస్తకములో ‘తీగెలు’ అని వ్రాసిన పద్దులు చూచి మావారు నవ్వుచు, “ఈ నెల గిటారు పాలు కూడా త్రాగినట్లున్నది” అనిరి.

ఇపుడు మా తప్పును చెప్పవలెను. మాయొద్ద నొక చిన్న రికార్డు కలదు. 2020 వర్షాకాలమున తమ్ముడు వాయించుచుండగా చేతిఫోనులో పట్టినది, నిమిషమున్నర యుండును. స్పెయిను దేశపు ఫ్రాన్సిస్కో తారెగా (1852–1909) రచించిన ‘లాగ్రిమా’ యను చిన్న రచన. వెనుక వానచప్పుడు వినబడును. తంత్రులు మార్చిన ప్రతిసారియు మేము దానిని విని, అమ్మాయి చేత మీటించి, మరల విని, “ఇది కాదు” అనుచుంటిమి. సాధారణపు బిగువున కట్లే యంటిమి. గట్టి బిగువున కట్లే యంటిమి. పిల్ల పాఠములు నేర్చుచున్నది, చేతులు కుదురుచున్నవి. అవి మాకు వినబడనే లేదు.

ఒకనాడు మేము “ఇది కాదమ్మా” అనగానే, అమ్మాయి గిటారును మెల్లగా మంచముపై నుంచి, “అమ్మా, నీకు మంచి నాదం కావాలా, మామయ్య నాదం కావాలా?” అని అడిగెను. గొంతులో కోపము లేదు. అలసట యుండెను. “మంచి నాదమయితే నేను తెస్తాను. రెండోది నావల్ల కాదు.”

మేము మాట్లాడలేదు. వంటయింటిలోనికి పోయి, పని లేకపోయినను పొయ్యి వెలిగించి ఆర్పితిమి.

ఆ సాయంకాలము అమ్మగారు మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరి. ఆమెకు గిటారు తెలియదు, మీటు తెలియును. కన్నులు మూసికొని, “వాయించవే” అనిరి. కొంతసేపు విని, “చెయ్యి కొంచెం అవతలికి జరుపు. ఇంకా. ఇప్పుడు మీటు” అనిరి. వంతెన దగ్గఱ మీటిన నాదము కఱకుగ నుండును. నడిమి రంధ్రము దగ్గఱకు రాగా మెత్తబడి నిండుగ వచ్చును. తరువాత పిల్ల గోళ్లను చూచి, “ఇది విరిగిన గోరు. తీగెను గీరుతోంది. నునుపు చేసుకో” అనిరి. పెట్టెలో తమ్ముని సన్నని ఆకురాయి యుండనే యున్నది. మూడవ తంత్రిని వ్రేలిమొన కండతో తాకి గోటితో విడువుమని చూపిరి. అదే తంత్రి, అదే గిటారు. సగము మూగతనము పోయినది! మే మిన్ని రూకలు పోసి కొన్నది వ్రేలికొనయందే యున్నది.

ఈ సంగతి మాస్టారుతో చెప్పగా వారు నవ్విరి. తారెగా తన జీవితపు చివరి సంవత్సరములలో గోళ్లను విడిచి వ్రేలికొనలతోనే వాయించెననియు, సెగోవియా గోటితో వాయించెననియు, ఇద్దఱి నాదమునకును భేదమున్నను గొప్పతనమునకు భేదము లేదనియు చెప్పిరి. “ఇక ఆ రికార్డు మాట అంటారా, అమ్మగారూ, అది ఫోను విన్న గిటారు. మీరు విన్నది కాదు” అనిరి. గిటారు ఆఱవ తంత్రి సెకనుకు 82 మాఱులు కంపించును. ఆ మంద్రస్వరమును చేతిఫోనులోని చిన్న పెట్టె పలుకనే పలుకదు. నెలల తరబడి మేము నిజమైన గిటారును ఫోను గిటారుతో సరిపోల్చి, పిల్లదే లోపమని తీర్పు చెప్పుచుంటిమి.

మిగిలిన సగము మూగతనమునకు మాస్టారు కార్బను తంత్రిని సూచించిరి. పేరు కార్బనే గాని బొగ్గు గాదు; ఫ్లోరోకార్బను అను పదార్థము. చేపలుపట్టు గాలపుదారములకును దానిని వాడుదురు. అది నైలానుకంటె ఒకటిన్నర రెట్లు సాంద్రమైనది. కనుక అదే స్వరమునకు, అదే బిగువునకు, నైలాను లావులో నైదింట నాలుగు వంతుల సన్నదనముతో సరిపోవును. సన్నదగుటచే చక్కగ వంగి స్పష్టముగ పలుకును. మూడును కార్బనువి వేసిన మా గిటారుపై మొదటి రెండును మిక్కిలి పదునుగ నుండునని మాస్టారు భయపడి, మూడవది యొక్కటియే కార్బనుది, తక్కినవి సాధారణపు బిగువు నైలానువి వేయుమనిరి. అట్లే చేసితిమి. ఈమాఱు మెలికలు మూడు. వంతెన వెనుక అట్టముక్క.

నాలుగు దినములకు శ్రుతి నిలిచినది. అమ్మాయి ‘లాగ్రిమా’ మొదటి భాగమును తడబడుచు వాయించెను. మూడవ తంత్రి తన యక్కచెల్లెండ్ర నడుమ నిలిచి మాట్లాడెను. మేము ఫోను తీయలేదు. “ఇది” అని మాత్ర మంటిమి.

అది తమ్ముని నాదము కాదు. కొంచెము తొందర, కొంచెము గట్టితనము గల పదుమూడేండ్ల పిల్ల నాదము. ఆ రాత్రి మేము ఏడ్చితిమి. కాని రెండేండ్లుగ ఏడ్చిన ఏడుపు కాదది.

వర్షములు వెనుకబట్టిన పిమ్మట అమ్మగారు గిటారుపెట్టెను ఎండలో నుంచుడనిరి. లోపలి మఖమలుగుడ్డ చెమ్మ పట్టి వాసన వేయుచుండెను. మెడ ఆను చోటి క్రింద చిన్న అర యొకటి కలదు. ఆకురాయి యుండునది అందే. అర యడుగున పరచిన గుడ్డ యూడి రాగా, దాని క్రింద నాలుగు మడతల కాగితము కనబడెను. తమ్ముని వ్రాత. పైన గీత గీసి, తేదీలు వ్రాసియుండెను: 2017 మొదలు 2021 జనవరి వఱకు, తంత్రులు మార్చిన పదునొకండు తేదీలు. ప్రతి తేదీ యెదుట రెండు మూడు మాటలు. “బాగుంది, మూడోది మూగ.” “బిగువు ఎక్కువ, వేళ్లు నొప్పి, మూడోది అంతే.” “వేరే కంపెనీ. తేడా లేదు.” కట్టకడపటి పంక్తి యిది: “మూడోది ఇంకా మూగే. ఈసారి కార్బన్ చూడాలి.”

మేము మెట్లపైనే కూర్చుండిపోతిమి. పరిపూర్ణమని తలచి మేము రెండేండ్లు మనసులో పూజించిన ఆ నాదమును అతడు బాగులేదని వ్రాసికొనినాడు! మేము దైవప్రసాదమువలె దాచిన తంత్రులు అతనికి పదునొకండవ జత. ముందటి పదింటిని అతడే తీసి పాఱవైచినాడు. బ్రతికియుండినచో వీనిని సైతము ఆ వేసవిలోనే పాఱవైచియుండును. మేము కాపాడుచుంటి మనుకొన్నది అతని నాదము కాదు, అతడు విడిచిపెట్టబోయిన మొద్దుదనము. అతడు వెదకుచుండిన నాదమును తెలియకయే పట్టుకొన్నది మా పిల్ల.

ఆ కాగితమును అమ్మాయి చేతిలో పెట్టితిమి. అది చదివి చాలసేపు మాటాడలేదు. పిమ్మట కలము తెచ్చి, కడపటి పంక్తి క్రింద తాను తంత్రులు మార్చిన మూడు తేదీలును వరుసగ వ్రాసి, మూడవదాని యెదుట, “కార్బన్ చూశాం మామయ్యా. బాగుంది” అని చేర్చెను.

ఇట్టి వాద్యము గల సోదరీమణుల కుపయోగించునని మా యనుభవసారమును నాలుగు మాటలలో చెప్పెదము. నాదము మొద్దుబారినచో వాద్యమును మార్చుటకు ముందు తంత్రులను మార్చుడు. సముద్రతీరపు ఊళ్లలో నవి మఱింత త్వరగా చెడును. ఏ జాతి గిటారో తెలిసికొని కొనుడు. వాయించిన పిమ్మట పొడిగుడ్డతో తంత్రులను తుడుచుట నేర్పుడు. చెమటయే వాని శత్రువు. జత మార్చిన వెంటనే తీర్పు చెప్పక, వారము దినములు సాగి కుదురుకొననిండు. ఒక్క తంత్రియే చెడుగ పలికినచో ఒక్కదానినే మార్చి చూడుడు. అన్నిటికంటె ముందు చేతిని, గోటిని చూచుకొనుడు. అందుకు రూక ఖర్చు లేదు. ఇంటిలో పెద్దలున్న యెడల వారి చెవి నడుగుడు.

ఆ సంవత్సరపు దసరాకు మేము వీణపై గలేబు తీసితిమి. నాలుగు వాయించు తీగెలు, మూడు తాళపు తీగెలు, ఏడింటిని క్రొత్తవి కట్టించితిమి. పసుపు కుంకుమములు ఆ తరువాతనే పెట్టితిమి. అమ్మగారు అఱగంటసేపు వాయించిరి. చేయి వణకినది, శ్రుతి వణకలేదు.

బీరువాలోని కవరు మాట మిగిలినది. అమ్మగారే అడిగి తీసికొని, పెరటిలోనికి పోయి, గాలికి జాఱుచుండిన మల్లెతీగెను ఆ నైలాను తంత్రులతో పందిరికి కట్టిరి. మూడు ముడులు వేసిరి. అవి వానకు కుళ్లవు, ఎండకు తెగలేదు. తరువాతి వేసవిలో మల్లె విరగబూసినది.